బిడ్డ నోట చావు మాట విన్నాక: తల్లిదండ్రులకు ఏ ఆన్‌లైన్ శిక్షణ పనికొస్తుంది?

ముందుగా ఒక మాట. మీ బిడ్డ ఈ రాత్రే ప్రాణం తీసుకుంటానని అన్నా, ఎలా, ఎప్పుడు అన్నది అనుకుని ఉన్నా, ఇప్పటికే ఏదైనా చేసుకున్నా, కోర్సుల సంగతి తర్వాత. బిడ్డను ఒంటరిగా వదలకండి. 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. బిడ్డ క్షేమంగానే ఉన్నా మీకు దిక్కు తోచకపోతే 14416 నొక్కండి. అది టెలి మానస్. 2022 అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న ఈ లైను పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, భాష అడిగినప్పుడు తెలుగు ఎంచుకోవచ్చు. బిడ్డే మాట్లాడాలని లేదు, తల్లిదండ్రులు కూడా మాట్లాడవచ్చు.

పోలీసు కేసు అవుతుందేమోనని ఆసుపత్రి గడప దగ్గర ఆగిపోయే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన ఐపీసీ పాత 309వ సెక్షన్ లేనే లేదు. ఆసుపత్రిలో ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు) అని రాసుకుంటే రాసుకోనివ్వండి. దాని గురించి భయపడి వైద్యం ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయొద్దు.

ఆ స్థితి కాదు, కానీ భయంగా ఉంది. డాక్టర్ని కలిశాం గానీ ఇంట్లో ఏం మాట్లాడాలో తెలియడం లేదు. ఆసుపత్రి నుంచి తీసుకొచ్చాం, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఇలాంటి వాళ్ల కోసమే ఈ పోలిక.

కోర్సు ఏం చేయగలదు?

వారానికి 168 గంటలు. కౌన్సెలర్ దగ్గర గడిచేది ఒక గంట. మిగిలిన 167 గంటలూ బిడ్డ ఇంట్లోనో, కాలేజీలోనో, హాస్టల్లోనో ఉంటాడు. ఆ గంటల్లో పక్కనుండే పెద్దవాళ్లకు కొన్ని పనులు చేతనవ్వాలి. మంచి కోర్సు ఆ పనులు నేర్పుతుంది. అది మానసిక వైద్యుడికి బదులు కాదు, బిడ్డకు ఏ జబ్బుందో తేల్చుకునే సాధనం అంతకన్నా కాదు.

అందుకే దేన్ని ఎంచుకున్నా ముందు మూడు విషయాలు చూడండి. ఆత్మహత్య అన్న మాట నోటితో పలికి అడగడం నేర్పుతుందా, అదీ సాధన చేయించి నేర్పుతుందా? ప్రమాదకరమైన వస్తువులు అందకుండా చేయడం గురించి చెబుతుందా? కష్ట సమయానికి ముందే కాగితం మీద రాసుకునే భద్రతా ప్రణాళిక చూపిస్తుందా? ఒక్క కోర్సులో ఈ మూడూ పూర్తిగా దొరకడం అరుదు. కాబట్టి ఏది దేనికి పనికొస్తుందో తెలుసుకుని రెండింటిని జతచేసుకోవడమే మా సలహా. కేవలం లక్షణాల జాబితా చదివి వినిపించే గంట వీడియో ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టండి. మీరు ఇప్పటికే భయపడుతున్నారంటే లక్షణాలు మీకు కనబడినట్టే. ఇక కావాల్సింది తర్వాతి మాట ఏమిటన్నది.

పొట్టి కోర్సులు: 20 నిమిషాల నుంచి గంటన్నర దాకా

వీటిని గేట్‌కీపర్ శిక్షణలు అంటారు. వైద్యులు కాని మామూలు మనుషులు ప్రమాదాన్ని గుర్తించి, అడిగి, సాయం దగ్గరికి చేర్చడం ఎలాగో నేర్పుతాయి.

బ్రిటన్‌లోని జీరో సూసైడ్ అలయన్స్ ఇచ్చేది 20 నిమిషాల ఉచిత పాఠం. గమనించు, మాట్లాడు, దారి చూపు అన్న మూడు మెట్ల మీద నడుస్తుంది. తెర మీద ఒక సంభాషణ జరుగుతుంది, తర్వాత ఏమనాలో మీరే ఎంచుకోవాలి. తప్పు మాట ఎంచుకుంటే అది ఎదుటి మనిషిని ఎలా తాకుతుందో చూపిస్తారు. ఇంగ్లిషు సులువుగానే ఉంటుంది. లోటు ఏమిటంటే సందర్భాలు ఎక్కువగా పెద్దవాళ్లవి, హెల్ప్‌లైన్లన్నీ బ్రిటన్‌వి. అయినా ఈ రాత్రే ఏదో ఒకటి నేర్చుకోవాలనుకునే అమ్మానాన్నలకు ఇదే మొదటిది. భార్యాభర్తలిద్దరూ ఒకే ఫోన్ ముందు కూర్చుని చేయవచ్చు.

అమెరికాలో పుట్టిన క్యూపీఆర్ దాదాపు గంట. అడుగు, ఒప్పించు, అప్పగించు అన్నవి దాని మూడు మెట్లు. డబ్బు కట్టాలి. దీని బలం మధ్య మెట్టులో ఉంది. 'డాక్టర్ దగ్గరికి రాను' అనే పిల్లవాడిని సాయానికి ఒప్పించడం చాలా ఇళ్లలో అసలు చిక్కు, దాని మీద ఇది నేరుగా దృష్టి పెడుతుంది. ఎక్కువ భాగం విని, చదివి నేర్చుకునేదే. నోటితో సాధన చేసే పని మీరే పెట్టుకోవాలి.

లివింగ్‌వర్క్స్ స్టార్ట్ గంటన్నర పడుతుంది, ఇదీ డబ్బు కట్టి చేసేదే. కొన్ని దేశాల్లో బడులు, స్థానిక ప్రభుత్వాలు ఖర్చు భరించి ఉచితంగా ఇప్పిస్తాయి, కాబట్టి విదేశాల్లో ఉన్నవాళ్లు కట్టే ముందు పిల్లల బడిలో అడగండి. పొట్టి కోర్సుల్లో సాధన ఎక్కువ చేయించేది ఇదే.  సమయమూ డబ్బూ కుదిరితే మూడింట్లో మా ఓటు దీనికే. పై సంస్థదే ఆసిస్ట్ అని రెండు రోజుల శిక్షణ ఉంది. అది మనుషులు ఎదురెదురుగా కూర్చుని చేసేది, ఉపాధ్యాయులకూ వార్డెన్లకూ ఎక్కువ ఉపయోగం.

జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం కోర్సెరా అనే ఆన్‌లైన్ కోర్సుల సైటులో పెట్టిన సైకలాజికల్ ఫస్ట్ ఎయిడ్ కోర్సును ఈ పనికి చాలామంది ఎంచుకుంటుంటారు. కోర్సు మంచిదే. కానీ అది వరదలు, ప్రమాదాలు, విపత్తుల తర్వాత బాధితులకు ఆసరా ఇవ్వడం కోసం. ఇంట్లో ఉన్న పదహారేళ్ల పిల్ల కోసం కాదు.

ఇంగ్లిషులో నేర్చుకున్న ప్రశ్న తెలుగులో నోరు దాటదు

ఈ కోర్సులన్నీ ఇంగ్లిషువి. అసలు ఇబ్బంది అర్థం కాకపోవడం కాదు. కోర్సులో నేర్చుకున్న సూటి ప్రశ్న మన వంటింట్లో, మన మాటలో వచ్చేసరికి మారిపోతుంది. ఇలా అవుతుంది:

'నువ్వేం పిచ్చి పని చేసుకోవుగా?'

ఆ ఒక్క వాక్యంలో ఉన్నవి చూడండి. 'పిచ్చి' అంటే తన బాధకు ముందే తీర్పు వచ్చేసింది. 'చేసుకోవుగా' అన్నప్పుడు జవాబు మీరే చెప్పేశారు, అతను తలూపితే చాలు. 'పని' అంటే దేని గురించి అడుగుతున్నారో పేరు కూడా పెట్టలేదు. పిల్లవాడు 'ఛ, అదేం లేదమ్మా' అంటాడు. అమ్మ ఊపిరి పీల్చుకుంటుంది. ఇద్దరి మధ్యా తలుపు మూసుకుంటుంది.

కోర్సు పూర్తి చేసిన రోజే మీ ప్రశ్నను తెలుగులో, మీ ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో రాసుకోండి. ఇలాంటిది: 'ఈ మధ్య నువ్వు సరిగా పడుకోవట్లేదు, తినట్లేదు, ఫ్రెండ్స్‌తో కూడా మాట్లాడట్లేదు. ఇంత బాధగా ఉన్నప్పుడు కొంతమందికి చచ్చిపోతే బాగుండనిపిస్తుంది. నీకలా అనిపిస్తోందా నాన్నా?' మొదట మీరు గమనించినవి రెండు మూడు. తర్వాత ఈ ఆలోచన తనొక్కడికే రాదన్న భరోసా. చివర సూటి ప్రశ్న. ఆపైన నోరు మూసుకోవాలి. మనసులో పది దాకా లెక్కపెట్టండి, ఇరవై దాకా పట్టినా పట్టనివ్వండి. ఆ మౌనాన్ని మాటలతో నింపేయడమే అందరూ చేసే తప్పు.

'అవును' అంటే మొదటి మాట, 'నాకు చెప్పావు, చాలా మంచి పని చేశావు.' రెండోది, 'ఎలా అని ఆలోచించావా? ఎప్పుడని అనుకున్నావా?' ఈ రెంటికీ జవాబు ఉంటే అది ఈ వ్యాసం మొదటి పేరాలో చెప్పిన పరిస్థితి, ఇక వాయిదా లేదు. మూడోది, 'దీన్ని మనిద్దరి మధ్యే దాచలేను. డాక్టర్‌కి చెబుదాం, నీ పక్కనే ఉండి చెబుతాను.' రహస్యంగా ఉంచుతానని ముందే మాట ఇవ్వకండి, ఆ మాట నిలబెట్టుకోలేరు.

అనకూడనివి కూడా రాసుకోండి. 'మేం నీకేం తక్కువ చేశాం?' 'మా గురించి ఒక్క క్షణం ఆలోచించావా?' 'ఆ మార్కుల కోసమా?' ఇవన్నీ ప్రేమతో, భయంతో వచ్చేవే. కానీ బిడ్డకు వినపడేది మాత్రం తను ఇంటికి భారమనే. అసలే ఆ ఆలోచనతో నలుగుతున్న పిల్లలకు అది సాక్ష్యంలా తోస్తుంది.

అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందా? ఈ భయాన్నే 2005లో అచ్చైన ఒక అమెరికా అధ్యయనం పరీక్షించింది. న్యూయార్క్ రాష్ట్రంలో ఆరు హైస్కూళ్లలో 2,342 మంది విద్యార్థుల్లో కొందరిని ఆత్మహత్య గురించి అడిగారు, కొందరిని అడగలేదు. అడిగిన వాళ్లలో బాధ గానీ, ఆ ఆలోచనలు గానీ పెరగలేదు. అప్పటికే కుంగిపోయి ఉన్నవాళ్లకు అడగడం కాస్త ఊరటగా కూడా అనిపించింది. కాబట్టి 'ఆ మాట ఎత్తొద్దు' అని నేర్పే కోర్సు ఏదైనా సరే, అక్కడే మూసేయండి.

ఒట్టు గురించి కూడా చెప్పాలి. 'నా మీద ఒట్టు, చేసుకోనని చెప్పు' అని నెత్తిన చెయ్యి పెట్టించుకోవడం మన ఇళ్లలో మామూలు. పాశ్చాత్య దేశాల్లో ఒకప్పుడు కౌన్సెలర్లు ఇలాగే 'చేసుకోను' అని కాగితం మీద సంతకం పెట్టించుకునేవాళ్లు. అది కాపాడుతుందన్న ఆధారం దొరకక వదిలేశారు. ఒట్టు వేసిన పిల్లవాడికి మళ్లీ ఆ ఆలోచన వస్తే, ఈసారి చెప్పడానికి రెండు భయాలు: ఒకటి బాధది, ఇంకొకటి ఒట్టు తప్పినందుకు అమ్మకేమవుతుందోనన్నది. ఒట్టుకు బదులు 'మళ్లీ అనిపిస్తే ఎన్ని గంటలైనా సరే నన్ను లేపు' అనండి.

తాళం గురించి నేర్పే కోర్సు

ఇది చాలామంది దాటేసే భాగం, మాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేదీ ఇదే. ఆత్మహత్య ఆలోచన నెలల తరబడి ఉన్నా, చేసుకోవాలన్న ఉధృతి చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది. ఆ కాసేపు చేతికి ఏదీ అందకపోతే అల దాటిపోతుంది. ప్రయత్నించి బతికి బయటపడ్డవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది ఆ తర్వాత ఆత్మహత్యతో చనిపోరు. శ్రీలంకలో అత్యంత విషపూరితమైన పురుగుమందుల్ని ఒక్కొక్కటిగా నిషేధించాక, ఆత్మహత్యల రేటు 1995 నాటితో పోలిస్తే దాదాపు 70 శాతం తగ్గింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో విడుదల చేసిన లివ్ లైఫ్ మార్గదర్శిలో ప్రధానమైన నాలుగు పనుల్లో సాధనాలు అందకుండా చేయడం ఒకటి.

దీనికి ప్రత్యేకంగా ఉన్న ఆన్‌లైన్ కోర్సు పేరు కౌన్సెలింగ్ ఆన్ యాక్సెస్ టు లీథల్ మీన్స్, పొట్టిగా 'కామ్'. ఉచితం. రెండు గంటలు కేటాయించుకుంటే సరిపోతుంది. తయారుచేసింది వైద్య సిబ్బంది కోసం, అందులో ఇంట్లోవాళ్లతో ఎలా మాట్లాడాలన్నదే ప్రధానం. అమెరికా కోర్సు కాబట్టి తుపాకుల గురించే సగం ఉంటుంది. అమెరికాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఆ సగం కూడా అవసరమే, ఎందుకంటే మన ఇంట్లో లేకపోయినా పిల్లలు వెళ్లే స్నేహితుల ఇంట్లో ఉండవచ్చు. అంత ఓపిక లేకపోతే హార్వర్డ్ ప్రజారోగ్య విభాగం నడిపే మీన్స్ మ్యాటర్ పేజీల్లో కుటుంబాలకు రాసిన భాగం చదివినా చాలు, పావుగంట పని.

మన ఊళ్లకు మాత్రం ఆ పాఠాన్ని మనమే మార్చుకోవాలి. పొలం ఉన్న ఇంట్లో మొదటి పని పురుగుమందు ఇంటి నుంచి, కొట్టం నుంచి పూర్తిగా బయటికి పంపేయడం. అవసరమైనప్పుడు కొనుక్కుని, వాడిన రోజే మిగిలింది బంధువుల దగ్గరో, ఊళ్లో ఇంకెవరి తాళం కిందో పెట్టడం. తమిళనాడులో ఊరందరి పురుగుమందుల్నీ ఒకేచోట తాళం పెట్టెల్లో దాచే కేంద్రం పెట్టి చూశారు, దాని ఫలితాలు 2013లో అచ్చయ్యాయి, ఆశాజనకంగా ఉన్నాయి. పట్నం ఇంట్లో మొదటి పని మందుల డబ్బా. తాతయ్య బీపీ మాత్రలు, నానమ్మ షుగర్ మాత్రలు, బిడ్డకే రాసిచ్చిన మందులు: వారానికి సరిపడా ఇంట్లో, మిగతావి బయట. మందు ఇచ్చేది పెద్దవాళ్ల చేత్తోనే. మేడ మీది తలుపుకు తాళం.

ఇక్కడ తప్పు జరిగే చోట్లు నాలుగు. బీరువాలో పెట్టి తాళం చెవి దేవుడి పటం వెనక పెడతారు, ఆ చోటు ఇంట్లో అందరికన్నా పిల్లలకే బాగా తెలుసు. రెండోది, తాత మందుల గురించి తాతకు చెప్పరు, పరువు పోతుందని. ఆయన ఎప్పట్లాగే దిండు కింద పెట్టుకుంటారు. మూడోది, వారం గడిచాక పిల్లవాడు నవ్వుతున్నాడని తాళాలు తీసేస్తారు. ఎంతకాలం ఉంచాలో డాక్టర్ చెప్పాలి. నాలుగోది ఫోన్ లాక్కోవడం. అది తాళం వేయడం కాదు. రాత్రి రెండింటికి మాట్లాడే ఒక్క స్నేహితుడినీ లాగేసుకున్నట్టు. బిడ్డ నోటి నుంచి ఏదైనా ప్రత్యేకమైన వస్తువు పేరు వచ్చి ఉంటే, అన్నిటికన్నా ముందు దాని సంగతి చూసి, డాక్టర్‌కూ చెప్పండి.

చేసేటప్పుడు దొంగచాటుగా చేయొద్దు. 'నీ మీద నమ్మకం లేక కాదు. జ్వరమొచ్చినప్పుడు చల్లగాలికి తిరగనివ్వం కదా, అలాగే కొన్నాళ్లు' అని చెబితే చాలామంది పిల్లలు ఒప్పుకుంటారు.

కాగితం మీద ప్రణాళిక

అమెరికా మానసిక నిపుణులు బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ తయారుచేసిన ఒక పేజీ భద్రతా ప్రణాళిక ఇవాళ ప్రపంచమంతా వాడుకలో ఉంది. ఆరు మెట్లు: అల వస్తోందని తెలిపే గుర్తులు, తనంతట తాను చేసుకోగలిగేవి, మనసు మళ్లించే మనుషులూ చోట్లూ, సాయం అడగగలిగిన మనుషులు, వైద్యులూ హెల్ప్‌లైన్లూ, ఇంటిని క్షేమంగా ఉంచడం. దీన్ని కౌన్సెలర్ బిడ్డతో కూర్చుని రాయాలి. అమ్మానాన్నలు కోర్సులో నేర్చుకోవాల్సింది దాన్ని ఎలా వాడాలో.

మంచి కోర్సు చెప్పే కిటుకు ఒకటుంది: ప్రతి గడిలో రాసింది చేయడానికి వీలవ్వాలి. 'పాజిటివ్‌గా ఆలోచించాలి' అని రాస్తే అది ఖాళీ గడితో సమానం. 'చెవులకు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మా వీధి చివరి టీ కొట్టు దాకా నడవాలి' అంటే అది ప్రణాళిక. 'బాబాయ్‌కి ఫోన్' అంటే సరిపోదు, బాబాయ్‌కి ముందే చెప్పి ఉండాలి, రాత్రి ఫోన్ సైలెంట్‌లో పెట్టనని ఆయన మాట ఇచ్చి ఉండాలి. నాలుగో గడిలో మీ పేరు లేకపోతే బాధపడకండి. మేనత్తనో, ట్యూషన్ టీచర్‌నో రాసుకుంటే ఆ మనిషితో మీరు మాట్లాడి ఉంచడమే మీ పని. ఒక కాపీ బిడ్డ ఫోన్లో ఫొటోగా, ఒకటి మీ పర్సులో.

పొడుగు కోర్సులు

మొదటి భయం తగ్గాక అసలు పని మొదలవుతుంది, రోజూ మాట్లాడే తీరు మార్చుకోవడం. దానికి అమెరికాలో మొదలైన ఫ్యామిలీ కనెక్షన్స్ అన్న 12 వారాల ఉచిత కార్యక్రమం బాగా పనికొస్తుంది. వారానికి రెండు గంటలు, ఆన్‌లైన్ బృందాలూ ఉన్నాయి. భావోద్వేగాలు అదుపు తప్పే, పదేపదే తమను గాయపరచుకునే పిల్లలున్న ఇళ్ల కోసం ఉద్దేశించింది, నడిపేది కూడా అదే దారిలో వచ్చిన కుటుంబాలవాళ్లే. చోటు దొరకడానికి ఎదురుచూడాల్సి రావచ్చు, కాబట్టి ఈ వారం అవసరానికి దీన్ని నమ్ముకోవద్దు. పేరు నమోదు చేసుకుని, ఈలోగా పొట్టి కోర్సు చేయండి.

అక్కడ నేర్పే ముఖ్యమైన విద్య ఎదుటివాళ్ల బాధను ఒప్పుకోవడం. 'నన్ను ఈ ఇంట్లో ఎవరూ అర్థం చేసుకోరు' అని పిల్ల అంటుంది. 'నీ కోసమే కదా రాత్రింబవళ్లు కష్టపడుతున్నాం' అని నాన్న అంటాడు. నాన్న చెప్పింది నిజమే, కానీ మాట అక్కడితో తెగిపోయింది. 'చాలా ఒంటరిగా అనిపిస్తోంది కదా. ఎప్పటి నుంచి?' అంటే పిల్ల అభిప్రాయంతో ఏకీభవించినట్టు కాదు. బాధ ఉందని మాత్రం ఒప్పుకున్నట్టు. ఈ తేడా వీడియో చూస్తే రాదు, వారం వారం తప్పులు చేసి దిద్దుకుంటేనే వస్తుంది. అందుకే 12 వారాలు.

ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయం పార్ట్‌నర్స్ ఇన్ పేరెంటింగ్ కూడా మంచిదే. 12 నుంచి 17 ఏళ్ల పిల్లలున్న తల్లిదండ్రులు ప్రశ్నావళి నింపితే వాళ్లకు తగిన పాఠాలు ఎంచి ఇస్తుంది. కానీ కుంగుబాటు, ఆందోళన రాకుండా చూడటం దాని ఉద్దేశం. ఆత్మహత్య ఆలోచనలున్న బిడ్డ ఇంట్లో ఉంటే అది రెండో వరసలోకి వెళ్తుంది, తమ్ముడికో చెల్లికో మాత్రం మొదటి వరసే. ఇలాంటి ఇళ్లలో చిన్నపిల్లల్ని అందరూ మరిచిపోతారు.

తెలుగులో కావాలంటే

ఇంట్లో బిడ్డను ఎక్కువసేపు చూసుకునేది ఇంగ్లిషు రాని అమ్మమ్మే అయితే పై జాబితా ఆమెకు పనికిరాదు. అప్పుడు రెండు దారులు. ఒకరు కోర్సు చేసి మిగతావాళ్లకు తెలుగులో కూర్చోబెట్టి చెప్పడం: ప్రశ్న, తాళం, ప్రణాళిక, 14416, ఈ నాలుగూ గంటలో చెప్పవచ్చు. రెండోది, కాలేజీని అడగడం.

విశాఖపట్నంలో చదువుకుంటున్న 17 ఏళ్ల నీట్ విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న విద్యాసంస్థలకు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. కోచింగ్ కేంద్రాలు, హాస్టళ్లకూ అవి వర్తిస్తాయి. వందమంది గానీ అంతకు మించి గానీ విద్యార్థులున్న చోట అర్హత కలిగిన కౌన్సెలర్ ఉండాలి, సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి, టెలి మానస్ వంటి నంబర్లు కనబడేలా రాసిపెట్టాలి, తల్లిదండ్రులకు నేరుగా గానీ ఆన్‌లైన్లో గానీ అవగాహన సదస్సులు పెట్టాలి. కాబట్టి ఇది బతిమాలుకునే విషయం కాదు. ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా అడగండి: తెలుగులో తల్లిదండ్రుల సదస్సు ఎప్పుడు, కౌన్సెలర్ పేరూ అర్హతా ఏమిటి, రాత్రి హాస్టల్లో ఏదైనా జరిగితే ఎవరు ఎవరికి ఫోన్ చేస్తారు. ఇంటర్ ఫలితాలకు కనీసం నెల ముందు అడగాలి. ఫలితాల రోజు సాయంత్రం అడిగి లాభం లేదు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ కూడా గేట్‌కీపర్ శిక్షణలు నిర్వహిస్తుంది, కాలేజీ కౌన్సెలర్లనూ వార్డెన్లనూ అక్కడికి పంపమని అడగవచ్చు.

డబ్బు పోగొట్టుకోకండి

'పది రోజుల్లో మీ పిల్లల మైండ్‌సెట్ మార్చేస్తాం' అనే మాస్టర్‌క్లాసులకు దూరంగా ఉండండి. నేర్పే మనిషి సైకియాట్రిస్టో, క్లినికల్ సైకాలజిస్టో, సైకియాట్రిక్ సోషల్ వర్కరో కాకపోయినా, కనీసం అలాంటివాళ్లు తయారుచేసిన పాఠ్యాంశమైనా అయి ఉండాలి. మొదటి పేజీలో అత్యవసర నంబరు లేదంటే, చనిపోయిన పిల్లల వివరాలు చెప్పి భయపెడుతుంటే, మందులు మాన్పించమంటుంటే, బిడ్డ పేరూ సమస్యా గ్రూపులో పెట్టమంటుంటే అది మీకు వద్దు. మందుల విషయంలో ఒక వివరం: కుంగుబాటు మందులు మొదలుపెట్టిన, మోతాదు మార్చిన తొలి వారాల్లో 25 ఏళ్లలోపు వాళ్లలో కొందరికి ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చని హెచ్చరిక ఉంది. దానర్థం మందు ఆపేయమని కాదు, ఆ వారాల్లో కన్నేసి ఉంచమని. చిరాకు, నిద్రలేమి, కుదురు లేకపోవడం కనబడితే వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయండి. మీ అంతట మీరు ఆపకండి.

ఇంతకీ ఏది ముందు?

భయం మొదలైన రోజే: మందుల డబ్బా, పురుగుమందు సంగతి చూసి, ఆ రాత్రి 20 నిమిషాల పాఠం చేసి, తెలుగులో ప్రశ్న రాసుకోండి. వరస ఇదే. కోర్సు అయ్యాక తాళం అనుకుంటే రేపటికి వాయిదా పడుతుంది.

బిడ్డ ఆసుపత్రి నుంచి వచ్చి ఉంటే: మొదటి వారం, మొదటి మూడు నెలలు ఎక్కువ జాగ్రత్త అవసరమైన కాలం. కామ్ గానీ మీన్స్ మ్యాటర్ గానీ ముందు చూడండి, తర్వాత లివింగ్‌వర్క్స్. డిశ్చార్జ్ కాగితంతో పాటు భద్రతా ప్రణాళిక, వారంలోపు వచ్చే తర్వాతి అపాయింట్‌మెంట్ అడిగి తీసుకోండి.

డాక్టర్ దగ్గరికి రానంటుంటే క్యూపీఆర్. ఏడాదిగా గొడవలు, గాయాలు, మళ్లీ మళ్లీ ఇదే అయితే ఫ్యామిలీ కనెక్షన్స్. నాన్న గల్ఫ్‌లోనో బెంగళూరులోనో ఉంటే ఇద్దరూ ఒకే కోర్సు వేర్వేరు చోట్ల చేసి, వీడియో కాల్‌లో ఒకరు బిడ్డగా, ఒకరు అమ్మగా ఆ ప్రశ్నను మూడుసార్లు పైకి అడిగి చూడండి. మొదటిసారి గొంతు వణుకుతుంది. ఆ వణుకు బిడ్డ ముందు కాకుండా ఇక్కడే తీరిపోవాలి.

అమెరికాలో ఉంటే 988. మాట్లాడటానికి 240కి పైగా భాషల్లో అనువాదకులను కలుపుతారు, తెలుగు కావాలని ఇంగ్లిషులో ఒక్క ముక్క చెబితే చాలు. ఇంగ్లండ్‌లో 111 నొక్కి 2 ఎంచుకోవాలి, సమారిటన్స్ 116 123. ఆస్ట్రేలియాలో లైఫ్‌లైన్ 13 11 14. కోర్సు తెరవకముందే మీరున్న దేశపు నంబరు మీ ఫోన్లో, బిడ్డ ఫోన్లో, అమ్మమ్మ ఫోన్లో సేవ్ చేసి ఉండాలి.

మీరు కోర్సు చేస్తున్న సంగతి బిడ్డకు తెలిస్తే దాచకండి. 'నా గురించా?' అని అడిగితే, 'అవును. నీతో ఎలా మాట్లాడాలో మాకు సరిగా రాదు, నేర్చుకుంటున్నాం. తప్పుగా మాట్లాడితే చెప్పు' అనండి.